ఐదుకి ఐదు

ఆదివారం పొద్దున్న మా ఆయన చొక్కాలు ఇస్త్రీ చేస్తూ విద్యార్థుల కేసు షీట్లు దిద్దుతున్నాను. బల్లకి ఒక చివర చొక్కా, రెండో చివర కాగితాల కట్ట. కాలరు మీద ఇస్త్రీపెట్టె నడిపి, దాన్ని నిలబెట్టి ఒక పేజీ దిద్దుతాను. మళ్ళీ పెన్ను చెవి వెనక దోపుకుని చొక్కా చెయ్యి ఒకటి ఇస్త్రీ చేస్తాను. ఆయన ఎదురుగా సోఫాలో కూర్చుని, నా రెండో పెన్ను మూతతో చెవి గోక్కుంటూ పేపరు చదువుతున్నారు. చదవడం అయ్యాక ఆ మూత మళ్ళీ పెన్నుకే పెడతారు. పెళ్ళయిన కొత్తలో ఒకసారి చెప్పాను. "నా చెవే కదా, పరాయివాడి చెవా?" అన్నారు. ఇప్పుడు ఆ పెన్ను ముట్టుకోవాలంటే అసహ్యం. కానీ దిద్దాల్సినవి అరవై, ఇంట్లో రాసే పెన్నులు రెండే.

పదిహేడో షీటు దగ్గర ఆగిపోయాను. ఏడో మంచం రోగిది అది. చక్కెర వ్యాధితో ఆయన ఎడమ కాలు మోకాలి కింద తీసేశారు. మూడో సంవత్సరం విద్యార్థి ఒకతను ముత్యాల్లాంటి అక్షరాలతో "రెండు పాదాల్లోనూ నాడి సమానంగా ఉంది" అని రాశాడు. అంటే కనీసం దుప్పటి ఎత్తి చూడలేదు. నాకు నవ్వు రాలేదు. సున్నా వేసి, కింద ఎర్రగా "చూడనిది రాయకు" అని రాశాను.

అప్పుడే ఫోను మోగింది. పిల్లల వైద్య విభాగంలో నా స్నేహితురాలు.

"పార్టీ ఎప్పుడిస్తున్నావే? కాలేజీ మొత్తంలో నీకే ఎక్కువ సంతృప్తిట. ఐదుకి ఐదు!"

"ఏం సంతృప్తి?"

"నటించకు. విద్యార్థుల శిక్షణ చూసే డాక్టర్లందరికీ ఫారాలిచ్చారుగా? సహకారం ఎలా ఉంది, పని తృప్తిగా ఉందా అని. గురువారం తనిఖీకి వచ్చే కమిటీ కోసం. నేను గంట కూర్చుని నా ఏడుపంతా రాశాను. రెండు వచ్చింది."

"నాకు ఫారమే రాలేదే."

"అయితే నీ బదులు ఎవరో ఆనందపడ్డారన్నమాట."

ఇద్దరం నవ్వాం. ఫోను పెట్టేశాక నాకు నోరు చేదుగా అనిపించింది.

నేను జనరల్ మెడిసిన్ డాక్టర్ని. ఎనిమిదేళ్ళుగా మా విభాగంలో విద్యార్థుల శిక్షణకి ఇన్‌చార్జిని. ఈ పని నాకెలా వచ్చిందో చెప్పాలి. ఒక మీటింగులో ఏడుగురు మగ డాక్టర్లు, నేను ఉన్నాం. మా విభాగాధిపతి, అందరం పెద్దసార్ అంటాం, ఒకసారి చుట్టూ చూసి, "పిల్లల సంగతి చూడ్డానికి మేడమే సరి. ఆడవాళ్ళకి ఓపికెక్కువ" అన్నారు. ఏడుగురూ చప్పట్లు కొట్టారు. చప్పట్లయ్యాక కాదనడం ఎలాగో నాకు తెలియలేదు. ఆనాటి నుంచి ఏడాదికి అరవై మంది. ఏ బ్యాచి ఏ వార్డుకి వెళ్ళాలో పట్టిక వెయ్యడం నా పని. పాఠం చెప్పమని తోటి డాక్టర్లని బతిమాలడం, వాళ్ళు ఎగ్గొడితే ఆ పాఠం నేనే చెప్పడం, పరీక్షలు పెట్టడం, తప్పినవాళ్ళ తల్లిదండ్రుల చేత ఫోన్లో తిట్లు తినడం, అన్నీ నావే. వీటికోసం నా ఓపీలో ఒక్క రోగి కూడా తగ్గలేదు. గుమాస్తాని ఇస్తామన్నారు, ఇప్పటికీ అంటూనే ఉన్నారు. నాకిచ్చిన గది విరిగిన చక్రాల కుర్చీలు పడేసే గది. తలుపు లేదు, పచ్చ కర్టెను ఉంది. మొదటిసారి చావు చూసిన పిల్లలు వచ్చి ఆ కర్టెను వెనకాలే ఏడుస్తారు. బయట వరండాలో వెళ్ళేవాళ్ళు ఆగి వింటారు. నా పక్క గదిలో పరిశోధన ఇన్‌చార్జి ఉంటాడు. నా అంతవాడే, నాకంటే మూడేళ్ళు చిన్న. అతనికి అద్దాల గది, ఇద్దరు సహాయకులు, వారంలో రెండు రోజులు ఓపీ మాఫీ. "ఆయనది బుర్రపని మేడమ్" అన్నారు పెద్దసార్ ఒకసారి.

అయినా ఈ పనిలో నాకు ఇష్టమైనది ఒకటుంది. రోగి పొట్ట మీద చెయ్యి పెట్టడం మొదటిసారి నేర్చుకునే పిల్ల, ముందు తన చేతుల్ని ఒకదానికొకటి రుద్దుకుని వేడి చేసుకుంటుంది చూడండి, ఎవరూ చెప్పకుండానే. ఆ క్షణం కోసం నేను చాలా భరించాను. భరించానని వాళ్ళకి తెలుసు. అందుకే ఇంకా పెట్టారు.

సోమవారం ఓపీ అయ్యేసరికి మధ్యాహ్నం రెండున్నర. తిండి మానేసి ఆఫీసుకి వెళ్ళాను. పెద్ద గుమాస్తా అటూ ఇటూ చూసి ఫైలు తీశారు.

"నేను చూపించానని అనకండి మేడమ్."

నా పేరుతో ఉన్న ఫారం. అన్నిటికీ ఆకుపచ్చ సిరాతో టిక్కులు. మా విభాగంలో ఆకుపచ్చ సిరా వాడేది ఒక్కరే. సంస్థ నుంచి సహకారం, ఐదు. కేటాయించిన సమయం చాలునా, ఐదు. శిక్షణ పనికి వారానికి ఎన్ని గంటలు పడుతుంది అన్న చోట "రెండు". సంతకం ఉండాల్సిన చోట విభాగం స్టాంపు. అన్నిటికంటే కింద "మీ మాటల్లో చెప్పండి" అని నాలుగు గీతలు. ఆ గీతల మీద ఆకుపచ్చగా ఇలా ఉంది: "విద్యార్థులే నా పిల్లలు. వారికి సేవ చేయడంలోనే నాకు మాతృత్వపు తృప్తి లభిస్తోంది."

నేను ఆ కాగితాన్ని బల్ల మీద పెట్టేశాను. చేతులు కడుక్కోవాలనిపించింది.

ఈ పని తీసుకున్న రెండో ఏడు నాకు ఐదో నెలలో కడుపు పోయింది. వార్డులో, విద్యార్థుల పరీక్ష జరుగుతుండగా, పద్నాలుగో మంచం దగ్గర మొదలైంది. తొమ్మిదో రోజున తిరిగి పనిలోకి వచ్చాను, మిగతా పరీక్షలు నడిపేవాళ్ళు లేరని పెద్దసార్ ఫోన్ చేశారు కాబట్టి. వచ్చిన రోజు ఆయన నా భుజం తట్టి, "బాధపడకమ్మా, నీకు అరవై మంది పిల్లలున్నారు" అన్నారు. మంచి మనసుతోనే అన్నారనుకున్నాను. అలా అనుకోవడానికి చాలా కష్టపడ్డాను. తరవాత మాకు పిల్లలు కలగలేదు. ఆ మాట ఆయన మర్చిపోయి ఉంటారనుకున్నాను గానీ మర్చిపోలేదు. ఎక్కడ పనికొస్తుందో చూసుకుని దాచుకున్నారు.

గుమాస్తా పేరు ఎత్తకూడదనుకుని, ఫారం పట్టుకుని ఆయన గదికి వెళ్ళాను. గోళ్ళు కత్తిరించుకుంటున్నారు. టక్కుమని ఒక ముక్క ఎగిరి, నేను గురువారం కోసం వేసి ఇచ్చిన పట్టిక మీద పడింది. ఆయన దాన్ని తుడవలేదు.

"సార్, ఇది నేను నింపలేదు."

"అవునమ్మా, నేనే నింపాను. నీకు టైముండదని. నీ పని తగ్గించాను, థాంక్స్ చెప్పాలి నువ్వు."

"వారానికి రెండు గంటలని రాశారు. ఇరవై రెండు పడుతుంది సార్."

"ఇరవై రెండని రాస్తే నీకు పని చేసుకోవడం చేతకాదనుకుంటారు. నీ మంచికే."

"కింద రాసింది?"

ఆయన తల ఎత్తి నిజంగానే ఆశ్చర్యంగా చూశారు. "అందులో తప్పేముంది? ఎంత బాగుందో! కమిటీవాళ్ళకి కళ్ళ నీళ్ళొస్తాయి." ఇంకో గోరు టక్కుమంది. "నీకు భారమైతే చెప్పు. చిన్న డాక్టర్‌కి ఇచ్చేద్దాం. పసిబిడ్డ తల్లి, ఇంటికి త్వరగా పోవాలంటుంది గానీ, పాపం దేనికీ కాదనదు."

ఇంటికొచ్చి చెప్పాను. మా ఆయనది అదే ఆసుపత్రి, సర్జన్. పెద్దసార్‌తో ఆదివారాలు షటిల్ ఆడతారు. అందరి ముందూ నేను ఆయన్ని మీరంటాను, గదిలో నువ్వంటాను, ఒకే క్లాసులో చదువుకున్నాం. ఆ సాయంత్రం హాల్లోనే నువ్వు అనేశాను.

"నా బదులు ఆయన రాయడమేంటో నువ్వు చెప్పు."

"అబ్బ! ఒక్క ఫారం. ఎవరైనా చదువుతారా అవన్నీ?"

"విద్యార్థులే నా పిల్లలని రాశారు."

"నిజమే కదా." టీవీ మీంచి చూపు తిప్పలేదు. "నువ్వేగా పొద్దస్తమానం పిల్లలు, పిల్లలు అంటావు."

అతని మెడ వెనక వైపు చూస్తూ నిలబడ్డాను. క్షవరం చేయించుకున్న చోట ఎర్రగా గీతపడి ఉంది. ఆ రోజు పద్నాలుగో మంచం దగ్గర నుంచి నన్ను తీసుకెళ్ళినప్పుడు ఇతను థియేటర్లో ఉన్నాడు. నాలుగు గంటల తరవాత వచ్చి, "కేసు మధ్యలో వదిలేయలేను కదా" అన్నాడు. వదిలేయలేడు, నిజమే. నేను కూడా అర్థం చేసుకున్నాను. అర్థం చేసుకోవడం కూడా నా డ్యూటీ పట్టికలో ఒక గంటే.

మా అత్తగారు ఆరిన బట్టలు మడతపెడుతూ ఇదంతా విన్నారు. నేను వంటింట్లోకి వెళితే వెనకాలే వచ్చారు.

"మీ మామయ్యగారు ముప్పై ఏళ్ళు నా సంతకాలు ఆయనే పెట్టారమ్మాయ్. స్కూలు కాగితాల మీద, ఓటు కాగితాల మీద, నాకు ఆపరేషన్ చేసినప్పుడు ఆసుపత్రి కాగితం మీద."

"మీకు సంతకం రాదనా, అత్తయ్యా?"

"వచ్చు. ఆయన అడగలేదు."

పాత పేపరు అంచు మీద, నా జేబులోని పెన్ను తీసుకుని, మెల్లగా రాశారు. పొడుగ్గా, చివర చిన్న సున్నా చుట్టి. "బాగుందా?" అన్నారు. డెబ్భై రెండేళ్ళ మనిషి. ఎందుకో ఆవిడ ముఖంలోకి చూడలేకపోయాను. ఇన్నేళ్ళుగా వచ్చిన చుట్టాలు నన్ను "ఎలా ఉన్నావమ్మా?" అనడిగితే, "దానికేం, హాయిగా ఉంది" అని నా బదులు చెప్పేది కూడా ఈవిడే. ఒకరి నోరు నొక్కితే, వాళ్ళు ఇంకొకరి నోరు నొక్కడం నేర్చుకుంటారు కాబోలు. ఆ ఆలోచన ఆవిడ గురించే అనుకున్నాను అప్పుడు.

బుధవారం చిన్న డాక్టర్ని వెతుక్కుంటూ వెళ్ళాను. రెండేళ్ళ క్రితం మా విభాగంలో చేరిన అమ్మాయి. ఎనిమిది నెలల పాప. నా గదిలోనే, చక్రాల కుర్చీల వెనక గోడకి తిరిగి కూర్చుని, పంపుతో సీసాలోకి పాలు తీసుకుంటోంది. కర్టెనుకి రెండు పిన్నులు పెట్టుకుంది. "నేనేలే" అని లోపలికి వెళ్ళి, విషయమంతా చెప్పాను. ఫారం సంగతి, పెద్దసార్ అన్న మాట. పెద్దరికంగా కూడా చెప్పాను: "ఈ పని నీకిస్తామంటే ఊరికే ఒప్పుకోకు. గంటలు రాసిమ్మను. నీ బదులు ఎవరి చేతా ఏదీ రాయనివ్వకు."

ఆమె సీసా మూత బిగించింది. చాలాసేపు బిగించింది.

"మేడమ్, ఒకటి అడగనా? కోపం రాదు కదా?"

"అడుగు."

"పోయినేడాది నా ఫారం మీరే నింపారు కదా?"

నాకు ముందు అర్థం కాలేదు.

"నేను డెలివరీకి వెళ్ళినప్పుడు. జూనియర్ డాక్టర్ల అభిప్రాయాలని ఒకటి వచ్చింది. తిరిగొచ్చాక నేనడిగితే, నీకు టైముండదని నేనే పంపించేశానమ్మా అన్నారు మీరు. ఫైల్లో చూశాను. అన్నీ ఐదులే." గొంతు పెంచలేదు. "శనివారం క్లాసులు నా ఇష్టంతో చేస్తున్నానని రాశారు. మేడమ్ నుంచి పూర్తి సహకారం అందుతోందని రాశారు. ఎనిమిదో నెలలో కూడా నేను నిలబడే ఆ క్లాసు చెప్పాను మేడమ్. కుర్చీ అడిగితే చూద్దాం అన్నారు. నువ్వైతేనే పిల్లలు వింటారమ్మా అన్నారు."

ఆ గదిలో పదకొండు కుర్చీలున్నాయి, విరిగినవే అయినా. నాకు గుర్తొచ్చింది. ఆ ఫారం ఒక సాయంత్రం ఇంటికెళ్ళే హడావిడిలో, నిలబడే, ఒక నిమిషంలో నింపాను. చెడ్డ ఉద్దేశం లేదు. విభాగానికి మంచి పేరు రావాలి, ఆ అమ్మాయికి ఇబ్బంది రాకూడదు. నా గురించి నేనే మంచిగా రాసుకుంటున్నానని కూడా ఆ నిమిషంలో తట్టలేదు. పెద్దసార్ మీద మూడు రోజులుగా నాలో ఊరుతున్న అసహ్యం, ఉన్నట్టుండి చిరునామా మార్చుకుని నా ఇంటికే వచ్చి కూర్చుంది. దుప్పటి ఎత్తకుండా లేని కాలికి నాడి రాసిన విద్యార్థికి సున్నా వేసిన దాన్ని నేను.

"క్షమించు" అన్నాను.

"పర్లేదు మేడమ్" అంది వెంటనే. ఆ "పర్లేదు" నాకు బాగా తెలుసు. ఎనిమిదేళ్ళుగా నేను అంటున్నదే.

"పర్లేదనకు" అన్నాను. "పర్లేదంటే నేను మళ్ళీ చేస్తాను."

ఆమె నా వైపు చూసి, సీసాని సంచిలో పెట్టుకుంది.

గురువారం కమిటీ వచ్చింది. ముగ్గురు. పెద్దావిడ తెల్లజుట్టు డాక్టరమ్మ, మాటిమాటికీ గడియారం చూసుకుంటోంది. పెద్దసార్ నా పట్టికలు, నా ప్రశ్నపత్రాలు, నా రిజిస్టర్లు ఒక్కొక్కటే చూపిస్తూ "మేం ఇలా చేశాం, మేం అలా పెట్టాం" అంటున్నారు. పెద్దావిడ ఫారం చూసి మెచ్చుకోలుగా నవ్వింది.

"ఐదుకి ఐదు! చాలా అరుదమ్మా. మాతృత్వపు తృప్తి అన్నావు. బాగా రాశావు."

"నేను రాయలేదండీ."

పెద్దసార్ నవ్వుతూ ఏదో అనబోయారు. నేను ఆగలేదు. ఆగితే మళ్ళీ చప్పట్లు కొడతారని భయం.

"ఇది సార్ నింపారు. ఈ పనికి వారానికి ఇరవై రెండు గంటలు పడుతుంది. ఓపీ తగ్గించలేదు, గుమాస్తా లేడు, గదికి తలుపు లేదు. పోయినేడాది మా జూనియర్ డాక్టర్ ఫారం ఉంది ఫైల్లో. అది కూడా ఆమె రాసింది కాదు. నేను రాశాను. అది కొట్టెయ్యండి."

పెద్దావిడ కళ్ళజోడు తీసి నన్ను చూసింది. మెచ్చుకోలుగా కాదు, విసుగ్గా. మిగతావాళ్ళు టీకి లేచాక నన్ను కిటికీ దగ్గరికి పిలిచింది.

"మొదటిది చెప్పావు, సరే. రెండోది ఎందుకు చెప్పావమ్మా? నీ తప్పు నువ్వే బయటపెట్టుకుంటే ఆయన తప్పు చిన్నదైపోతుంది."

"చిన్నదవదండీ. రెండవుతాయి."

ఆవిడ నోటుబుక్కులో ఏదో రాసుకుంది. ఏం రాసుకుందో నాకు ఈ రోజుకీ తెలియదు.

ఆ సాయంత్రం మా ఆయన చెప్పులు విప్పకుండానే మొదలుపెట్టారు. "పెద్దసార్ నాకు ఫోన్ చేశాడు. మీ ఆవిడకి ఏదైనా బాధ ఉంటే నీతో చెప్పుకోలేదా అన్నాడు. తలెత్తుకోలేకపోయాను."

"చెప్పుకున్నాను. టీవీ చూస్తూ విన్నావు."

"ఇప్పుడు నీకేం ఒరిగింది?"

ఒరిగిందేమీ లేదు. ఆకలేసింది, అన్నం తిన్నాను. చాలా రోజుల తరవాత రుచి తెలిసింది. ఆదివారం దిద్దగా మిగిలిన కాగితాలు ముందేసుకున్నాను, ఆయన చొక్కాలు బుట్టలోనే ఉంచేశాను. "ఇస్త్రీ?" అన్నారు. "అమ్మయినా చెయ్యదా?" అని తల్లి వైపు చూశారు. అత్తగారు పేపరు తిప్పుతూ, "నాకు చేతకాదురా" అన్నారు. నా పెళ్ళికి ముందు ఆ ఇంట్లో ఇస్త్రీ అంతా ఆవిడే చేసేవారు.

కమిటీ వెళ్ళిన ఎనిమిదో రోజున పెద్ద గుమాస్తా ఒక ఉత్తరం తెచ్చారు. అంతకుముందే పెద్దసార్ చిన్న డాక్టర్ని పిలిచి ఈ పని తీసుకొమ్మని అడిగారట. ఆమె ఒక కాగితం రాసి తీసుకెళ్ళిందట, ఎన్ని గంటలిస్తారు, ఎవరిని సాయానికిస్తారు, శనివారం ఎవరు చెప్తారు అని. పెద్దసార్ ఆ కాగితం చదివి, "ఇప్పటి ఆడపిల్లలకి సేవాభావం లేదు" అన్నారట. ఇంకెవరూ ఒప్పుకోలేదు. ఏడుగురిలో ఒక్కరికీ ఓపిక లేదు. దాంతో పట్టిక ఆయనే వేసుకోవాల్సి వచ్చింది. మొదటి వారమే రెండు బ్యాచీల్ని ఒకే వార్డుకి పంపారు. ముప్పై మంది ఒక్క మంచం చుట్టూ నిలబడితే, ఆ రోగి భయపడి, నాకేమైందని ఏడ్చాడట.

అది విని నాకు సంతోషం కలగలేదు. ఆ రోగి దగ్గరికి వెళ్ళి కాసేపు కూర్చుని వచ్చాను.

ఉత్తరంలో ఒకటే వాక్యం ఉంది. "మీ కోరిక మేరకు, విద్యార్థుల శిక్షణ బాధ్యత నుంచి మిమ్మల్ని తప్పించడమైనది." అందినట్టు కింద సంతకం చెయ్యాలి.

మళ్ళీ చదివాను. ఎనిమిదేళ్ళు నేను కోరకుండానే ఇచ్చిన పనిని నా కోరిక మీద తీసేస్తున్నారు. ఇన్నాళ్ళూ నా సంతోషం వాళ్ళు రాశారు, ఇప్పుడు నా కోరిక కూడా వాళ్ళే రాశారు. నాకు ఆ పని పోవడం ఇష్టం లేదు, అది మొదటిసారిగా నాకు స్పష్టంగా తెలిసింది. రోగి ముందు చేతులు వేడి చేసుకునే ఆ పిల్లల్ని నేను వదులుకోదలుచుకోలేదు. వాళ్ళు నా పిల్లలు కాబట్టి కాదు. నాకు ఆ పని వచ్చు కాబట్టి.

పెన్ను తీసి "మీ కోరిక మేరకు" అన్న మూడు మాటల మీద అడ్డంగా గీత కొట్టాను. పక్కన రాశాను: "నేను కోరలేదు. నేను కోరింది వారానికి రెండు రోజులు, ఒక గుమాస్తా, తలుపున్న గది. అవి ఇస్తే ఈ పని చేస్తాను. లేకపోతే చెయ్యను." కింద సంతకం చేసి తేదీ వేశాను.

పెద్ద గుమాస్తా చదివి అటూ ఇటూ చూశారు.

"ఇలా రాస్తే ఇది మీ ఫైల్లో శాశ్వతంగా ఉండిపోతుంది మేడమ్."

"ఉండనివ్వండి" అన్నాను. "ఆ ఫైల్లో నా చేత్తో రాసింది ఇదొక్కటే."